పిడికిట్లో దాచిన ప్రార్థన

మా చర్చి ఆడవాళ్ళందరి ఇళ్ళలోనూ పొయ్యి పక్కన ఒక డబ్బా ఉంటుంది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఆ బియ్యంలోంచి పిడికెడు తీసి, ఎవరో ఒకరి పేరు చెప్పి ప్రార్థన చేసుకుని ఆ డబ్బాలో వేస్తాం. నెలకోసారి చర్చికి పట్టుకెళ్తే ఆ బియ్యం లేనివాళ్ళకి పంచుతారు. స్త్రీల సమాజానికి పెద్దని నేనే. "ఎవరి మీద కోపముందో వాళ్ళ పేరు చెప్పి వెయ్యండమ్మా, మనసు తేలికపడుతుంది" అని అందరికీ నేర్పిందీ నేనే. స్కూల్లో టీచర్ని కదా, ఒకళ్ళకి నేర్పడం నాకు బాగా అలవాటు.

నాలుగేళ్ళు నేను చెప్పిన పేరు నా తోటికోడలిది.

మా అత్తగారు మంచాన పడ్డ మూడేళ్ళూ నేను తెల్లవారుజామునే లేచి పక్కబట్టలు మార్చి, ఒళ్ళు తుడిచి, అప్పుడు స్కూలుకి వెళ్ళేదాన్ని. పగలంతా చూసింది తోటికోడలు. రావులపాలెం అరటిగెలల మార్కెట్లో పని మానుకుని మరీ చూసింది, కాదనను. కానీ అత్తగారి జ్ఞాపకార్థ కూడికలో సాక్ష్యం చెప్పడానికి లేచి, "మా అత్తకి అన్నీ నా చేతుల్తోనే చేశానండి" అంది. మైకు అక్కర్లేని గొంతు ఆమెది. చర్చంతా కళ్ళు తుడుచుకుంది. నా పేరు మాటవరసకైనా ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పేరు చెప్పి బియ్యం వేసేటప్పుడు పైకి "దీవించు ప్రభువా" అనేదాన్ని. లోపల మాత్రం "దీని నోరు మూయించు" అనుకునేదాన్ని. రోజుకి రెండుసార్లు. ఎదురుపడితే నవ్వేదాన్ని, కూర పంపేదాన్ని. సండే స్కూల్లో పిల్లలకి హృదయశుద్ధి గురించి చెప్పేదాన్ని, అదీ కథలు కట్టి. గిన్నె బయట తోమి లోపల మురికి వదిలేసినవాళ్ళని ప్రభువు ఎలా మందలించాడో చెప్తూ, ఆ గిన్నె నాదేనని ఒక్కనాడూ తోచలేదు.

కిందటేడు ఆమె గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. రాజమండ్రిలో డాక్టరుగారు క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం ఇక రాదన్నారు. పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తి, ఎవరో అలా ప్రార్థించారట అని నా సంగతి దాచి అడిగాను. "అలాంటివి దేవుడు వినడమ్మా" అన్నారాయన. వినలేదనే నమ్ముతున్నాను. కానీ అడిగింది నేనే కదా! నాలుగేళ్ళు అడిగాను. దాన్నెక్కడ పెట్టుకోను?

ఆపరేషన్ రోజు పొద్దున్న ఆమె నా చెయ్యి పట్టుకుని, ఆ బొంగురు గొంతుతోనే, "అక్కా, నువ్వే ప్రార్థన చెయ్యి. నీ ప్రార్థన మీదే నాకు నమ్మకం" అంది. అప్పుడే చెప్పెయ్యాల్సింది. ఇంకో పది నిమిషాల్లో స్ట్రెచర్ వస్తుంది. ఆమె నన్ను తిట్టాలన్నా క్షమించాలన్నా ఆ పది నిమిషాలే మిగిలాయి. మాట నోటిదాకా వచ్చింది. కానీ మంచం చుట్టూ మా సమాజం వాళ్ళు నలుగురు తలలు వంచుకుని నిలబడ్డారు. నా పరువు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని, ఎంతో చక్కగా, ఎక్కడా తడబడకుండా ప్రార్థన చేశాను. ఆమె "ఆమెన్" అంది. ఆమె గొంతు నేను విన్నది అదే ఆఖరు.

ఇప్పుడు ఆ డబ్బా ముందు నిలబడాలంటే భయం. పిడికిలి నిండా బియ్యం పట్టుకుని, ఏ పేరూ పలకలేక తిరిగి సంచిలో పోసేస్తున్నాను. నా నోటిని నేనే నమ్మలేకపోతున్నాను.

మొన్న ఆదివారం ఉండబట్టలేక ఆమె ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అంతా చెప్పేశాను, ఏమీ దాచుకోకుండా. ఆమె చేతులు ఆగిపోయాయి. నా మొహంలోకి చూస్తూ చాలాసేపు పెదాలు కదిపింది. ఆపరేషన్లో గొంతు దగ్గర పెట్టిన చిల్లులోంచి ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. రాసి చూపించమందామంటే ఆమెకి వేలిముద్రే తెలుసు. ఊళ్ళో ఎంతమంది పిల్లలకి అక్షరాలు దిద్దించానో, ఇంట్లో ఆమెకి దిద్దించాలని ఎన్నడూ అనుకోలేదు.

తిట్టిందో, క్షమించిందో నాకు తెలియలేదు. "మళ్ళీ చెప్పమ్మా" అని బతిమాలాను. ఆమె చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.