కొరియా అన్నంలో చెంచాడు నూనె

మా చెల్లెలి మొగుడు, అంటే మా బావ, పటాలంలో వంటవాడు. కొరియాలో యుద్ధం ఆగాక మన పటాలంతో ఆ దేశం పోయి వచ్చాడు. అక్కడి చలికి తుమ్మితే ఆ తుమ్ము గడ్డకట్టి కాలిమీద పడేదన్నాడు. నేను మా ఊరు పత్తికొండంతా చెప్పివచ్చేసరికి ఆ తుమ్ము కింద పడి ఇద్దరు సిపాయిల కాళ్లు విరిగాయి.

మరుసటి ఏడాది బావ సెలవులో మా ఇంటికి వచ్చేనాటికి చెల్లెలికి ఏడో నెల. అంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు. ఇదైనా దక్కాలని అమ్మ, గాలి ఏ దిక్కునుంచి వీస్తోందో చూసి గాని ఆమెను వాకిలి దాటనిచ్చేది కాదు.

మాకు రోజూ జొన్న సంగటే. కొరియాలో వరన్నం మీద ఆకుకూర, కారం, సగం వేగిన గుడ్డు పెట్టి, నువ్వుల నూనె పోసి కలుపుకుంటారని బావ చెప్పగానే చెల్లెలికి నోరూరింది.

"కడుపుతో ఉండేదానికి పచ్చి గుడ్డా? నువ్వుల నూనె శానా వేడి. కడుపు జారిపోతాది," అంది అమ్మ.

"నూనె పొయ్యనులే అత్తా. గుడ్డు బాగా ఉడికిస్తా. ఆకు రెండుతూర్లు కడుగుతా."

ఉడికించాడు. కోటగోడలో రాయి ఊడితే ఆ గుడ్డు పెట్టి పూడ్చవచ్చు.

చెల్లెలు ఒక ముద్ద తిని నా వైపు వంగింది. "అన్నా, ఇది కొరియా దాకా పోలా. మన పక్కనుండే ఆలూరు కాడనే నిలిచిపోయింది. ఒక చుక్క నూనె పొయ్యి."

అమ్మ నీళ్లకని లోపలికి పోయింది. బావ పెరట్లో గిన్నె కడుగుతున్నాడు. నేను చెంచాడు పోశాను. చెల్లెలు కంచం నాకినంత పని చేసింది.

తొమ్మిదో రోజు నొప్పులొచ్చాయి. కర్నూలు ఆసుపత్రిలో ఆడబిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. నా రెండు అరచేతుల్లో సరిపోయింది. ఈ ఒక్క కొలత నేను పెంచి చెప్పడం లేదు.

నర్సును పక్కకు పిలిచి నూనె సంగతి అడిగాను.

"చెంచా నూనెతో ఇట్లా కాదు నాయనా. బిడ్డ లోపలే పోయి రెండు మూడు దినాలైంది," అంది.

వరండాలో అమ్మ బావను నిలదీస్తోంది. "నీ పరాయి వంటే నా బిడ్డ కడుపు తీసింది."

"నూనె పొయ్యలేదత్తా," అంటున్నాడు బావ, ఎన్నిసార్లు అన్నాడో.

నర్సు మాట అమ్మకు చెప్పాను. నమ్మలేదు. చెంచా మాట మాత్రం నా గొంతు దాటలేదు.

చెల్లెలు మంచం దగ్గరికి పిలిచింది. "ఆయప్పను ఏమీ అనొద్దని అమ్మకు చెప్పన్నా. నూనె అడిగింది నేను. నువ్వు పోసినావని యాడా అనొద్దు. అమ్మ నిన్ను ఇంట్లోకి రానీదు."

తల ఊపాను. నాలుగు రోజులకు బావ ఆ నింద మోసుకునే పటాలానికి వెళ్లిపోయాడు.