బీడీ కట్ట మీద నా ముఖం

మేము ఇంట్లో అప్పడాలు చేసి నాంపల్లి దుకాణాలకు వేసేవాళ్లం. వాటి లేబులు మీద ఉన్నది నేనే. పెళ్లినాటి ఫోటో చూసి అబిడ్స్ వెనక సందులోని ప్రెస్సువాళ్లు గీసిన బొమ్మ అది; ఎవరి ఫోటో అని వాళ్లు అడగలేదు. గడ్డం మీద పుట్టుమచ్చ కూడా వదల్లేదు. "ఇంటి మనిషి ముఖం ఉంటే గిరాకీలకు నమ్మకం" అని మా ఆయనే ముచ్చటపడి వేయించాడు. నేను వద్దు వద్దంటూనే మురిసిపోయాను. అది మూణ్ణాళ్ల ముచ్చటే అయింది.

అచ్చైపోయాక బొమ్మ చెక్కిన బ్లాకు ప్రెస్సులోనే ఉండిపోయింది. మళ్లీ అచ్చుకు పనికొస్తాయని అందరివీ అక్కడే ఉంచేవారు. తెచ్చుకోవాలని మాకు తోచలేదు.

ఒక ఎండాకాలం పైకప్పు పెంకులు సర్దడానికి ఒక కూలి మనిషి వచ్చాడు. మంచినీళ్లు ఇద్దామని వెళ్తే, గోడ నీడన కూర్చుని బీడీ కట్ట విప్పుతున్నాడు. కట్టకు చుట్టిన కాగితం మీద నేను నవ్వుతున్నాను. అదే ముక్కుపుడక, అదే మచ్చ. పేరు మాత్రం బీడీలది. అతను ఒకటి వెలిగించుకుని కట్టను మొలలో దోపుకున్నాడు. సిగ్గేసి, చెంబు అక్కడే పెట్టి లోపలికి పరిగెత్తాను.

"పోయి ఆ బొమ్మ మనదని చెప్పుండ్రి, బంద్ చేయించుండ్రి" అని ఆయన వెంటపడ్డాను. మా ఆయన ఇంట్లో పులి, బయట పిల్లి. అందుకే నేనూ నెత్తి మీద కొంగు కప్పుకుని వెంట వెళ్లాను.

ప్రెస్సు యజమాని మర్యాదగానే కుర్చీలు వేయించాడు. ఇది మా అప్పడాల బొమ్మ అని మా ఆయన బీడీ లేబులు చూపించినా, అతను తప్పు చేసినవాడిలా లేడు.

"బీడీలాయన బొమ్మ లేకుంట వచ్చిండు సేట్. ఖాళీగున్న బ్లాకు ఏసిన. మీరేమన్న రిజిస్ట్రీ చేయించిన్రా? గిసొంటి ఆడోళ్ల బొమ్మలు నా దగ్గర మస్తున్నయ్. గీమె మీకు ఎరుకైన మనిషైతే చెప్పుండ్రి, ఇప్పుడే పక్కకు పడేస్త."

మిషను ఆపి పనివాళ్లంతా ఇటు తిరిగారు. "నా భార్య" అంటే చాలు, అక్కడితో అయిపోయేది. మా ఆయన లేబులు వంక చూశాడు, పనివాళ్ల వంక చూశాడు.

"ఎరుక లేదు. ఎవలో ఏమో" అన్నాడు.

యజమాని నా వైపు చూస్తాడేమోనని నేను కొంగు ఇంకా కిందికి లాక్కున్నాను.

తిరిగి వస్తూ మొజంజాహీ మార్కెట్లో నాకు ఐస్‌క్రీమ్ తినిపించాడు. "రేపటి సంది తామరపువ్వు లేబులు ఏయిద్దాం" అన్నాడు. తామరపువ్వును ఎవరు మొలలో దోపుకుంటే మాత్రం ఏం పోయింది! అక్కడే నాలుగు దులిపేయాల్సింది. కానీ ఆయన ఎరుక లేదన్నప్పుడు నా గుండె కుదుటపడింది. ఆ ఐస్‌క్రీమ్ గిన్నె అడుగుదాకా తిన్నాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

బీడీలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. కొన్నాళ్లకు మా పక్కింట్లో కిరాయికి కొత్తగా దిగినామెతో బజారుకు వెళ్తే, దుకాణంలో ఆ కట్టలు వరసగా పేర్చి ఉన్నాయి.

"గీమె ఎవలక్కా, అచ్చం నీ లెక్కనే ఉన్నది" అంది.

"ఎవలో ఏమో" అన్నాను.