మీసాలు మొలిచిన రాణి

వనపర్తిలో ఒక పూట భోజనానికి కూర్చుని, నా చదువు పరువంతా విస్తట్లో కలుపుకొని తిన్నాను. ఎలాగో వినండి.

నిజాం కాలం. హైదరాబాదులో ఎం.ఏ. ముగించి మా ప్రొఫెసర్ గారి దగ్గర శాసనాల మీద పరిశోధన చేస్తున్నాను. ఆయన తుమ్మితే దానికీ ఆధారాలు వెతికే రకం నేను. ఆత్మకూరు బాటలోని ఒక శాసనం గురించి ఎవరో సంతకం లేకుండా రాసిన వ్యాసాన్ని ఆయన తెగ మెచ్చుకున్నారు. తీరా నేను వెళ్లి రాయి చూస్తే, చెరువు తవ్వించిన రాజని వ్యాసంలో రాసిన చోట రాణి పేరుంది. గురువుగారి మాట కాదనే గుండె నాకెక్కడిది? నోరు మూసుకొని వనపర్తిలో ఒక వకీలు గారింట దిగాను.

భోజనాల దగ్గర వకీలు గారు ఆ శాసనం సంగతి అడిగారు. ప్రొఫెసర్ ఎదుట రాని ధైర్యం పప్పన్నం ఎదుట వచ్చింది. ఆ రాసినాయన రాయి మొహమే చూడలేదని, చాప మీద పడుకొని కలగన్నాడని, పాపం ఆ రాణికి మీసాలు మొలిపించాడని దంచేశాను. వకీలు గారు తల వంచుకున్నారు. నా పాండిత్యానికే అనుకున్నాను.

వడ్డిస్తున్న వకీలు గారి అక్కగారు నెయ్యి గిన్నె కింద పెట్టారు.

"ఎండల నిలవడి చదివిన, నాయనా. ఆ రాత నాదే."

చేతిలోని ముద్ద విస్తట్లోనే వదిలేశాను. క్షమించమన్నాను. ఆమె అదేమీ పట్టించుకోకుండా, పొద్దున్నే బండి కట్టించమని తమ్ముడికి చెప్పారు.

మర్నాడు దారి పొడుగునా ఎడ్లకంటే బుద్ధిగా కూర్చున్నాను. రాయి దగ్గర ఆమె కొంగుతో దుమ్ము తుడిచి, అక్షరాల వెంట వేలు నడిపించారు. నేను చెప్పిన చోట వేలు ఆగింది. వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. కోపం వస్తుందని భయంగా చూస్తున్నాను. ఆమె మొహం సంతోషంతో వెలిగిపోయింది.

"రాణే. చెరువు తవ్విచ్చేది రాజులే అనుకొని చదివిన, గందుకే కండ్ల వడలే," అన్నారు. తరువాత నా వైపు తిరిగారు. "గిది మీ గురువు మాటనా, నీ మాటనా?"

"నాదేనమ్మా."

"అయితె నీ పేరుతోనే రాయి. నేను తప్పు చదివిన్నని గూడ రాయి. ఈసారి నా పేరు పెట్టు."

తన తప్పు మీద తన పేరు అచ్చు వేయమన్న మనిషిని అంతకుముందు చూడలేదు. తరువాతా చూడలేదు. ఆ ఎండలో చేతులు కట్టుకొని అలాగే నిలబడిపోయాను. గురువుగారిని అడగకుండా నేను రాసిన మొదటి వాక్యంలో ఆమె పేరుంది. అచ్చయ్యాక ఆయన కొన్నాళ్లు నాతో పలకలేదు. ఆపైన రాయి చూడటానికి తానే బయలుదేరి వచ్చారు.

రాయి చూసి వకీలు గారింటికి తిరిగొచ్చిన రోజే, వాళ్ల పొయ్యి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఎంతటివారి రాతనైనా చీల్చి చెండాడతాను గాని, మజ్జిగ కూడా తాగి, చేయి కడుక్కొని లేచాకే.