ఖాళీ కుర్చీలకు నేను తెచ్చిన జనం

ఆ రోజుల్లో ఎక్కడైనా జనం పలచగా కనిపిస్తే నా గుండె జారిపోయేది. ముప్పై ఏళ్లు సినిమాల్లో గుంపులో నిలబడి బతికినదాన్ని మరి. పెళ్లి సీనులో పేరంటాలిని, చావు సీనులో ఏడ్చేదాన్ని, కోర్టు సీనులో మూడో బెంచీ నింపేదాన్ని. (తెరమీద నా మొహం వెతక్కండి. నేనే వెతికి విసిగిపోయాను.) మోకాళ్లు మొరాయించాక జూబ్లీహిల్స్‌లో ఒక బొమ్మల గ్యాలరీలో తలుపు దగ్గర కూర్చునే పని దొరికింది. అప్పటికి యాభై దాటాను గానీ, నెల జీతం ముట్టడం అదే మొదలు కాబట్టి నా వయసుకాలం అక్కడి నుంచే లెక్క. అక్షరం ముక్క వచ్చేది కాదు.

విదేశాల్లో కూడా శాఖలున్న గ్యాలరీ అది. నేను మొదట దుకాణమే అనుకున్నాను. కానీ ఏ దుకాణంవాడు సరుకు తయారుకాక ముందే మనిషిని పోషిస్తాడు? మా మేడం పోషించేది. షేక్‌పేట పిల్ల ఒకతి ఉండేది, ఫిల్మ్‌నగర్‌లో సెట్లకు రంగులేసేవాడి కూతురు. ఆ పిల్లకు ఏడాదిపాటు గది, రంగులు, బొమ్మలేసే బట్ట అన్నీ ఇచ్చి, ఆమె బొమ్మల మీద పుస్తకం కూడా వేయించింది. కొనేవాళ్లకూ ఊరికే అంటగట్టేది కాదు. ఏ బొమ్మ ఏ గోడకు నప్పుతుందో, ఎండ తగలకుండా ఎలా కాపాడుకోవాలో చెప్పేది. మనసు కుదరకపోతే ఇప్పుడు కొనొద్దని కూడా తనే చెప్పేది.

పిల్ల వేసినవన్నీ ఖాళీ కుర్చీలే. అన్నిటికన్నా పెద్ద బొమ్మలో ఫంక్షన్ హాలు నిండా ఎర్ర కుర్చీలు, ఒక్క మనిషి లేడు. "జనం దొరకలేదా బిడ్డా?" అని అడిగాను. "దొరికితే ఎయ్యకపోదునా పెద్దమ్మా" అని నవ్వింది. ప్రదర్శన మొదలయ్యే రోజు మాత్రం నవ్వు లేదు. "ఇయ్యాల మేడం పిలిచిన సారు పెద్ద బొమ్మ తీసుకోకపోతే, మల్ల సెట్ల పనికి పోవుడే" అంది.

సాయంత్రం చూస్తే హాలులో పిల్ల, మేడం, నేను. అంతే! యూసుఫ్‌గూడలో సినిమాలకు జనాన్ని పంపే సప్లయర్‌కు ఫోను కొట్టాను.

"తమ్మీ, ఇరవై మంది గావాలె. రిచ్ పార్టీ."

"డైరెక్టర్ ఎవరక్కా?"

"నేనే."

"అయితే సమోసాలు జర మంచిగ పెట్టు."

మేడం తన గదిలో ఫోనులో, పిల్ల లోపల చీర మార్చుకుంటూ ఉండగా వచ్చేశారు, పట్టుచీరలు, కోట్లు, ఒకాయనైతే తలపాగాతో సహా. గుంపులో మాకు రెండే నియమాలు. కెమెరా వైపు చూడకూడదు. మాట్లాడుతున్నట్టు ఉండాలి గానీ శబ్దం రాకూడదు, హీరో డైలాగు చెడిపోతుంది. అలవాటు ఎక్కడికి పోతుంది? బొమ్మలే కెమెరాలన్నట్టు వాటికి వీపులు పెట్టి నిలబడి, ఇరవై మందీ చప్పుడు లేకుండా పెదాలు కదుపుతున్నారు. గొంతు పోయిన పెళ్లిలా ఉంది హాలు. నేనూ ఊరుకోలేక పెద్ద బొమ్మ ముందు నిలబడి కదిపాను.

అప్పుడే ఆ సారు వచ్చాడు. భార్య పోయిన పెద్దాయన, గుంపులంటే పడదు. ఒంటరిగా చూసుకుంటానని, ఆ సాయంత్రం ఇంకెవరినీ రానివ్వొద్దని మేడంను కోరాడట. (ఆ సంగతి కాగితం మీద రాసి తలుపుకు అంటించారు కూడా. దాని కిందే నేను కూర్చున్నాను.) గుమ్మంలో నిలబడి మమ్మల్నందరినీ చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

"ఎవరమ్మా వీళ్లంతా? ఎంత పని చేశావు!" అని మేడం తల పట్టుకుంది. పిల్ల మిగిలిన సమోసాలు మావాళ్లకు పొట్లం కట్టిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున ఆయన ఒక్కడే మళ్లీ వచ్చాడు. పెద్ద బొమ్మను చాలాసేపు చూసి నన్ను పిలిచాడు. "నిన్న దీని ముందు నిలబడింది మీరే కదమ్మా? మళ్లీ అలాగే నిలబడండి." నిలబడ్డాను. పెదాలు వాటంతటవే కదిలాయి.

"ఏమంటున్నారు?"

ముప్పై ఏళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. అబద్ధం తోచలేదు. "ఏం లేదు సార్. నల్లా నీళ్లు రాలేదని, పప్పు మాడిందని, మోకాలు గుంజుతుందని. ఇంట్ల చెప్పనీకి ఎవరు లేరు గద. గుంపుల నిలబడి చెప్పుకుంట."

ఆయన బొమ్మలోని కుర్చీల వైపు తిరిగాడు. "మా ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ ఎనిమిదున్నాయమ్మా. నేనూ వాటితో మాట్లాడుతుంటాను. కాకపోతే నాకు శబ్దం వస్తుంది" అని మేడం గదిలోకి వెళ్లాడు. బయటికి వచ్చేసరికి బొమ్మ ఆయనదైపోయింది.

పిల్ల సెట్ల పనికి పోలేదు. నాకు మాత్రం శిక్ష వేసింది. "పెద్దమ్మా, ముందుగాల ఆ తలుపు కాయిదం సదువుడు నేర్సుకో" అని పలక కొనిచ్చింది. రోజూ మధ్యాహ్నం దిద్దించింది. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివింది ఆ కాగితమే. "ఈ సాయంత్రం ఎవరినీ లోపలికి పంపవద్దు."

అది ఇప్పటికీ నా దగ్గరుంది. తీసి చదివినప్పుడల్లా, దాని కింద దర్జాగా కూర్చుని ఇరవై మందిని లోపలికి పంపిన ఆ పెద్దమనిషి కనబడుతుంది, నవ్వొస్తుంది. ఇంట్లో ఈరోజుకీ ఎవరూ లేరు. ఇది రాస్తున్నంతసేపూ నా పెదాలు కదులుతూనే ఉన్నాయి.