అడగనివాడికి మొదటి రొట్టె

నంద్యాల బస్టాండు వెనక సందులో, దుకాణాల్లో పనిచేసే మేమంతా భోంచేసే రేకుల షెడ్డు ఆళ్లగడ్డ అక్కది. పెనం మీంచి జొన్నరొట్టె దిగగానే "అక్కా, నాకు" అని అందరం కంచాలు చాపేవాళ్ళం. ఆమె మాత్రం అడగకుండా కూచున్నవాణ్ణి వెతికి వాడి కంచంలో వేసేది. మాకు ఒళ్ళు మండేది.

ఆ ఎండాకాలం రేకుల కింద దూలం సందున పిచ్చుక గూట్లో మూడు పిల్లలుండేవి. తల్లి పురుగు తేగానే, మెడ సాచి గట్టిగా అరిచినదాని నోట్లోనే పెట్టేది. వెనక ఒక బక్కది తల కూడా ఎత్తలేకపోయేది.

"ఏందే, ఆడ ఇంకోటుండాది, కనపడల్యా?" అని అక్క రొట్టె తడుతూనే తల్లిపిట్టను తిట్టేది.

ఒక పొద్దున ఆ బక్కది పొయ్యి పక్కన చచ్చి పడుంది. మిగతా రెండూ పైన అరుస్తూనే ఉన్నాయి. అక్క దాన్ని పిండి అంటిన అరచేతిలో పెట్టుకుని అట్లాగే కూచుండిపోయింది.

పుట్టింట్లో ఈమెకూ తిండి అందలేదేమో అనిపించింది నాకు.

"చిన్నప్పుడు నువ్వూ ఇట్లే వెనకబడినావా అక్కా?" అన్నాను.

"లేదప్పా," అంది, గూటివైపు చూస్తూ. "నేను అరిచేదాన్ని. మా చెల్లెలు అడిగేది కాదు. అది మాకు దక్కల్యా."