సునీత ముందు, జట్టు వెనక

నా ఉద్యోగంలో చివరి పోస్టింగ్ అశ్వారావుపేట దాటాక, అడవి అంచున ఉన్న ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో. కరోనా సద్దుమణిగిన ఏడాది జూలైలో చేరాను. అప్పటికి నేను ఫిజికల్ డైరెక్టర్‌ని. అంటే పీఈటీ కంటే ఒక మెట్టు పైన. ఉదయం డ్రిల్లు నుంచి జట్టు ఎంపిక దాకా అన్నిటికీ నాదే జవాబుదారీ. ఆ ఎర్రమట్టి కోర్టు ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది. వాన వెలిసిన సాయంత్రాలు అక్కడ నిలబడితే క్వార్టర్‌కు వెళ్లబుద్ధయ్యేది కాదు.

వాలీబాల్ కెప్టెన్ సునీత, పదో తరగతి. ఆమె స్మాష్ కొడితే అవతలి పిల్లలు పక్కకు తప్పుకునేవారు. చలికాలంలో స్పోర్ట్స్ హాస్టల్ ఎంపికలున్నాయి. సీటొస్తే ఇంటర్ చదువు, తిండి, శిక్షణ అన్నీ అక్కడే. రాకపోతే మిరప తోటల్లో కూలికి తీసుకుపోతానని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు.

చిక్కల్లా దమ్ము దగ్గరే. వాలీబాల్ అంటే ఎగరడమే అనుకుంటారు చూసేవాళ్లు. పాయింటుకూ పాయింటుకూ మధ్య ఊపిరి ఎంత త్వరగా సర్దుకుంటే, చివరి సెట్‌లో అంత ఎత్తు ఎగరగలరు. దానికి ఏరోబిక్ పరుగు, అంటే ఆగకుండా చాలాసేపు సాగే పరుగు కావాలి, అదీ తగిన తీవ్రతతో. ఆ తీవ్రతను మేం మాటలతో కొలిచేవాళ్లం. పరిగెత్తుతూ కబుర్లు చెబుతోందంటే పని చాలనట్టు. నోట మాటే రాకపోతే ఎక్కువైనట్టు. నాలుగు ముక్కలు మాట్లాడి ఊపిరి తీసుకుంటే సరిపోయినట్టు.

వారాల తరబడి పరిగెత్తించినా సునీత చివరి సెట్‌కి చతికిలపడేది. ఓ ఉదయం వాళ్ల పక్కనే స్కూటీ మీద వెళ్తూ చూశాను. ముందు సునీత, ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు, చిట్టచివర తొమ్మిదో తరగతి దేవి. సునీత హాయిగా పాట పాడుకుంటోంది. దేవికి మాట పెగలడం లేదు.

"ఎందుకే ఆగి ఆగి పోతున్నావ్?" అని సునీతను కసిరాను.

"దేవి ఎనకవడ్తది గద మేడం. అడవికి పోతే పెద్దది ముంగట నడవాలె, ఎనకోళ్లను ఇడిచి పోవద్దు," అంది.

బీడీలు చుట్టే తునికాకు కోయడానికి అడవికి వెళ్లే దారిలో అది ప్రాణాలు కాపాడే పద్ధతే. నా శిక్షణకు మాత్రం గొడ్డలిపెట్టు. బతిమాలాను, తిట్టాను. ఆ పిల్ల వినలేదు, ఆమెను దాటి ఇంకెవరూ పోలేదు.

మర్నాటి నుంచి గ్రౌండ్ చుట్టూ ఒక్కొక్కరిని ఒక్కో చోట నిలబెట్టి విజిల్ ఊదాను. గుండ్రంగా తిరిగేటప్పుడు ముందెవరో వెనకెవరో తెలియదు, ఎవరి దమ్ముకు తగ్గ వేగం వాళ్లది. దసరా సెలవుల తర్వాత సునీత చివరి సెట్‌లో కూడా మొదటి సెట్‌లో లాగే ఎగిరింది. ఎంత మురిసిపోయానో!

ఎంపికలు పాల్వంచలో జరిగాయి. తొమ్మిదో తరగతి వాళ్లకూ అవకాశం ఉండటంతో దేవినీ తీసుకెళ్లాను. మొదటి పరీక్ష దూరపు పరుగు, అందరూ ఒకే గీత మీద నుంచి. సగం దూరంలో సునీత వెనక్కి తిరిగి చూసింది. దేవి చాలా వెనకబడింది. సునీత వేగం తగ్గింది. బయటి నుంచి కోచ్‌లు అరవకూడదని ముందే హెచ్చరించారు.

అరిచింది దేవి.

"అక్కా, నేను తొవ్వ తప్పిపోను. నువ్వు పో!"

సునీత పోయింది. ఆమెకు సీటొచ్చింది, దేవికి రాలేదు.

కొత్తగా చేరిన పీఈటీలు అడిగితే, పరుగు తీవ్రత ఏ పిల్లకా పిల్లకు విడిగా చూడాలని చెబుతాను. అంతకంటే ముందు, ఆ పిల్ల ఎవరి కోసం ఆగుతోందో కనుక్కోమంటాను. ఆగినదాన్ని ముందుకు పంపడం కోచ్ వల్ల కాదు, వెనకున్నవాళ్ల వల్లే అవుతుంది.