అన్నయ్యకి నేను తీసుకెళ్ళిన ఆకు టీ

పిల్లలూ, మీ మావయ్య పురుగుమందు తాగాడని ఒకసారి ఊరంతా ఏడ్చింది. ఆ సంగతి మీకెవరూ చెప్పలేదు. ఆయన తాగింది టీ! ఆ టీ తెచ్చింది మీ అమ్మ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మిమ్మల్ని నాగపూర్‌లో నాన్న దగ్గర వదిలి చిలకలూరిపేట దగ్గర మా ఊరికి వెళ్ళాను. ప్రాణం మాత్రం మీ దగ్గరే. రోజూ ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, "నీళ్ళు కాచి చల్లార్చారా? ఎండలో తిరగనిస్తున్నారా?" అని మీ నాన్నని విసిగించేదాన్ని. అంత జాగ్రత్త మనిషిని!

ఆ ఏడు పత్తికి శనగపచ్చ పురుగు విపరీతం. మావయ్య మూతికి తువ్వాలైనా కట్టుకోకుండా మందు కొట్టేవాడు. అది విని నాకు దిగులు. అందుకే నాగపూర్‌లో ఒక డీటాక్స్ టీ పెట్టె కొని పట్టుకెళ్ళాను. ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయని రాసుంది. అంతా ఆకులే. ఆకేగా, ఏం చేస్తుంది అనుకున్నాను. అన్నయ్య బీపీ బిళ్ళ వేసుకుంటాడని తెలిసీ ఎవర్నీ అడగలేదు.

"రోజుకి ఒక్క పొట్లం, ఒక్క కప్పు" అని చెప్పి ఇచ్చాను.

అన్నయ్య పొట్లాన్ని వేళ్ళతో పట్టుకుని ఊపాడు. "ఇదేం చాలుద్దే? డబ్బా మీద రాసినంత కొడితే పురుగే చావట్లా. నాలాంటోడికి ఒక్కటేం పనిచేసుద్ది?"

వేళాకోళం అనుకున్నాను. కాదు! నాలుగైదు పొట్లాలు చెంబులో మరిగించి తాగాడు. మర్నాడూ అంతే. నీళ్ళ చెంబుతో పొలం గట్టుకి పరుగులు పెట్టి వచ్చి, "చూశావా, విషం పోతంది" అన్నాడు. నేనూ సంతోషించాను.

ఆ మధ్యాహ్నమే మందు కొడుతూ చేలో పడిపోయాడు.

పడిపోయిన పత్తి రైతు, పక్కన మందు డబ్బా. ఆ రోజుల్లో మా వైపు అది చూసినవాళ్ళకి ఇంకో ఆలోచన రాదు. ట్రాక్టర్ మీద పేటలో ఆస్పత్రికి చేర్చారు. వెనకే వచ్చిన మా పెద్దమ్మ వదిన మీద పడింది.

"పొద్దున్నే ఏం గొడవ పెట్టుకున్నావే వాడితో?"

"నేనేం అనలా అత్తయ్యా!" వదిన గోడకి జారబడి ఏడుస్తోంది.

కాంపౌండరు కడుపు కడగడానికి గొట్టం తెచ్చాడు. అన్నయ్య కళ్ళు సగం తెరిచాడు. "టీ తాగానయ్యా..."

"అందరూ అట్టాగే చెప్తారు. నోరు తెరువు."

అప్పుడు తట్టింది నాకు. "ఆగండి! వదిన తప్పేం లేదు. టీ నేనిచ్చాను!" అని అందరి ముందూ అరిచాను. పెట్టె మీది అక్షరాలన్నీ చదివే మనిషిని కదా, ఏమేం ఆకులున్నాయో గడగడా అప్పజెప్పాను.

డాక్టరు గారు అన్నయ్య కళ్ళలో టార్చి వేసి చూసి, రోజూ ఏ బిళ్ళ వేసుకుంటాడో వదిననడిగి, గొట్టం పక్కన పెట్టించారు. "సునాముఖి విరేచనాలకిచ్చే ఆకమ్మా. ఈయన వేసుకునేది ఒంట్లో నీరు లాగే బీపీ బిళ్ళ. రెండూ కలిసి నీరూ, లవణాలూ లాగేశాయి. ఆలస్యమైతే గుండెకే ముప్పు."

"ఆకే కదా అనుకున్నానండీ."

"పురుగుమందు డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటుంది, జాగ్రత్తపడతాం. దీని మీద ఏం బొమ్మ ఉంది?"

"తామరపువ్వండీ."

ఆయన నవ్వలేదు.

సెలైన్ ఎక్కాక అన్నయ్య లేచి కూర్చున్నాడు. "ఇన్నేళ్ళు మందు కొట్టినా నిలబడ్డానే. నువ్వు తెచ్చిన ఆరోగ్యమే పడగొట్టింది!"

వదిన ఫ్లాస్కులోంచి కాఫీ పోసి నా చేతికిచ్చింది. "తాగు, ఇందులో ఏ ఆకూ లేదులే."

ఇప్పటికీ నేను ఊళ్ళో బస్సు దిగితే, "ఏమ్మా, ఈసారేం తెచ్చావు?" అని అడిగి, జవాబు వినకుండానే తప్పుకుంటారు. మీరు మాత్రం ఈ సంగతి రేపు మీ పిల్లలకి చెప్పండి. బిళ్ళలు వేసుకునే మనిషికి ఆకైనా సరే, డాక్టర్ని అడిగాకే ఇమ్మనండి. మావయ్య పేరు వద్దు, పాపం. నా పేరే చెప్పండి.